ఆదివారం ప్యానెల్ పని: రేడియం డయళ్లు జాగ్రత్త

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మ్యూజియంలో పాత కాక్‌పిట్ ప్యానెల్ శుభ్రం చేస్తున్నాం కదా, ముందుగా ఒక్క మాట. ఆ కాలం ఆల్టీమీటర్లు (ఎత్తు చూపే మీటర్లు), దిక్సూచుల అంకెలకు చాలావాటికి చీకట్లో మెరిసేలా రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు పూసేవారు. చీకట్లో మెరవడం లేదు కదా అని ధీమా వద్దు. పాడైంది రంగులో మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే; రేడియం సగానికి తగ్గాలంటేనే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. అద్దం పగిలినవి, రంగు పెచ్చులూడుతున్నవి దయచేసి ఎవరూ విప్పొద్దు, గోకొద్దు. ఆ పొడి ఊపిరితో లోపలికి వెళ్తే చాలా ప్రమాదం. కనిపిస్తే ముట్టుకోకుండా ఇన్‌ఛార్జికి చెప్పండి.

ఇంకోటి, మన ఎయిర్‌ఫీల్డ్‌లో పనిచేసిన పైలట్లు, మెకానిక్కుల ఇళ్లలో లాగ్‌బుక్కులుంటే ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి. లామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత తీయడం కుదరదు. పేజీ అంచున పెన్సిల్‌తో రాసిన చిన్న రిపేరు నోటు కూడా మనకు అపురూపమే.