జింక్ ఆగదు మంత్రిగారూ!

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. కృష్ణ సముద్రంలో కలిసేచోట బురదలో కాడ్మియం లాంటి విష లోహాలు ఎలా కదులుతాయో చూసే మా ప్రాజెక్టుకు రావాల్సిన రెండో విడత డబ్బు గురించి ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ "పరిశీలనలో" ఉన్నాయట. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ప్రాజెక్టు సంగతి మీకు తెలిసిందే. మా ల్యాబులో సీసపు పెట్టెలో ఉన్న జింక్-65 అనే రేడియోధార్మిక జింక్ సంగతి మాత్రం ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. అది 244 రోజులకు సగమైపోతుంది. తెప్పించి ఏడాదైంది. ఇప్పుడు మిగిలింది మూడో వంతుకు కాస్త ఎక్కువ. దాని పక్కనే ఉన్న రేడియోధార్మిక కాడ్మియం-109 సగం కావడానికి 462 రోజులు పడుతుంది. మీ ఫైలు దాన్నీ ఓడించేలా ఉంది.

వాటి రేడియేషన్‌ను లెక్కపెట్టే గామా కౌంటర్ పాడైంది. రిపేరు డబ్బు రెండో విడతలో ఉంది. మొదటి విడత ఖర్చుకు యూసీ (వినియోగ ధ్రువపత్రం) ఇవ్వమన్నారు, ఇచ్చాం. పాత ఫార్మాట్ అన్నారు, మార్చాం. సంతకం నీలం ఇంకుతో కావాలన్నారు, అదీ చేశాం. ఈలోగా మీ ఆఫీసు సెక్షన్‌లో మా ఫైలు చూసే ఆయన మారిపోయారు. కొత్తాయన అంతా విని, "అయితే కృష్ణలో రేడియేషన్ కలుపుతారా?" అన్నారు. లేదండీ, ఒక్క చుక్క కూడా నదిలో పడదు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి మొగ దగ్గరి బురదను ల్యాబులో సీసాల్లో పోసి, అందులో ట్రేసర్ (లోహం ఎటు పోతోందో జాడ చూపే ఆ రేడియోధార్మిక జింక్, కాడ్మియం) కలిపి, ఉప్పు పెంచుకుంటూ పోతాం. మామూలు పరీక్షలో బురదలో మొత్తం ఎంత కాడ్మియం ఉందో తెలుస్తుంది. కొత్తగా వచ్చి చేరింది బురదకే అంటుకుంటుందా, నీళ్లలోకి జారుతుందా అన్నది ట్రేసర్‌తో తేలుతుంది. ఉప్పునీరు తగిలితే క్లోరైడ్ కాడ్మియాన్ని బురద నుంచి లాగేస్తుంది. రొయ్యలూ పీతలూ బతికేది ఆ నీళ్లలోనే.

"హైదరాబాద్‌కి దీంతో ఏం పని?" అని కూడా అడిగారు. మన మూసీ వాడపల్లి దగ్గర కలిసేది కృష్ణలోనే కదండీ. మధ్యలో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ కొంత ఒండ్రును ఆపుతాయి, నిజమే. వరదొస్తే అదంతా ఆగదు.

ఆ బురదను ఐస్‌బాక్సులో పెట్టుకుని రాత్రి బస్సులో తెచ్చాను. వాసనకి కండక్టర్ దించేస్తానంటే బతిమాలుకున్నాను. ఇప్పుడదీ పాడవుతోంది. గాలి తగిలేకొద్దీ సల్ఫైడ్లు మారిపోతాయి, వాటితోపాటే లోహాన్ని పట్టి ఉంచే తీరూ మారుతుంది. మళ్లీ తేవాలంటే దారి ఖర్చు కూడా రెండో విడతలోదే.

అయ్యా, ఆ డబ్బు విడుదల చేయించండి. మార్చితో నా ఫెలోషిప్ అయిపోతుంది. కుదరదంటే కుదరదనే రాయించండి, వేరే దారి చూసుకుంటాను. "పరిశీలనలో ఉంది" అని మాత్రం రాయించకండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
హైదరాబాద్