రక్తం పరీక్షతో పాటు చిగుళ్లూ చూడండి

అయ్యా,

మా అంగన్‌వాడీ కేంద్రానికి ఆరోగ్యలక్ష్మి భోజనానికి వచ్చే ఒక గర్భిణికి నాలుగో నెలలో హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే ఉంది. ఏడో నెలలోనూ 9 దాటలేదు. ఆస్పత్రిలో ‘ఐరన్ మాత్రలు పారేస్తున్నవా?’ అని గద్దించారట. మొదట నేనూ నమ్మలేదు. నెల రోజులు నా ముందే వేయించాను. అయినా పెద్దగా పెరగలేదు.

ఒకరోజు ఆమె సగం తిన్న జామకాయ పక్కన పెట్టింది. కొరికిన చోట ఎర్రటి చార. అడిగితే, ఏడాదిగా పళ్లు తోమినప్పుడల్లా రక్తమేనని చెప్పింది. “మన నీళ్లే గిసొంటియి కద మేడం, పండ్లు గిట్లనే ఉంటయి” అంది.

మా మర్రిగూడ వైపు ఇంటింటా ఇదే మాట. ఫ్లోరైడ్ మమ్మల్ని తరాలుగా పీడించింది నిజమే. కానీ దాని మరకలు పడేది పంటి ఎనామిల్ మీద. చిగుళ్లు వాచి రక్తం కారడానికి ఎక్కువగా కారణం పాచి, అది గట్టిపడి పట్టే గార. గర్భిణుల్లో హార్మోన్ల మార్పుతో ఆ వాపు ఇంకా ముదురుతుంది.

పోయే రక్తం కొంచెమే. ఎక్కువ నష్టం వాపు వల్ల కావచ్చు. చిగుళ్ల వాపు ముదిరి నెలల తరబడి ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేయవచ్చు. అది పేగుల నుంచి ఇనుమును రక్తంలోకి సరిగా రానివ్వదు, ఒంట్లో నిల్వ ఉన్నదాన్నీ సరిగా కదలనివ్వదు. మాత్ర మింగినా ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనతకు తిండి లోపం, నులిపురుగులు వంటి కారణాలు చాలా ఉన్నాయి, ఇదొక్కటే కాదు. కానీ దీన్ని ఎవరూ చూడటం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రతి నెలా 9న సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు రక్తం, బీపీ, బరువు చూస్తారు. నోరు తెరవమని అడిగేవారు లేరు. గర్భిణులకు గార తీయించడం సురక్షితమే. అయినా మేము దానికోసం రెండుసార్లు బస్సెక్కి నల్గొండ పోవాల్సి వచ్చింది. ప్రసవానికి ముందు ఆమెకు 9.8 వచ్చింది. మాత్రలూ ఆపలేదు కాబట్టి ఇదంతా దాని ఫలితమేనని అనలేను. జామకాయ మీద చార మాత్రం మళ్లీ పడలేదు.

జిల్లా వైద్యాధికారులు ఆ 9వ తేదీన పీహెచ్‌సీలకు దంత వైద్యులను పంపాలి. గర్భిణి కార్డులో హిమోగ్లోబిన్ పక్కన చిగుళ్లకూ ఒక గడి పెట్టించాలి.

– ఒక అంగన్‌వాడీ టీచర్, మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా