ఈసారి పండగ కార్డుల ఆర్డర్లు ముందుగానే ఆపేస్తున్నాం

నమస్తే. ఏటా మా దగ్గర పండగ కార్డులు చేయించుకునేవాళ్లకీ, ఈసారి కొత్తగా అడుగుతున్నవాళ్లకీ ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ సీజన్‌లో ఆర్డర్లు ఎప్పటికన్నా ముందుగా ఆపేస్తున్నాం. డిజైన్లు తగ్గించాం, ధర కూడా కాస్త పెంచాం. ఈ మూడూ వినడానికి ఇబ్బందిగానే ఉంటాయి. అందుకే కారణాలు ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

మీలో ఎక్కువమంది అడిగేది వేలితో తడిమితే చేతికి తగిలే బంగారు, వెండి రంగు డిజైన్లు. కార్డుకి అందం తెచ్చేవి అవే, మా టైమంతా తీసుకునేవీ అవే. మామూలు స్టాంపింగ్ అయితే ఇంకు అద్ది, నొక్కి, ఆరబెడితే పని అయిపోతుంది. ఇలా గీతలు ఉబ్బెత్తుగా వచ్చేలా చేసే పనిని ఎంబాసింగ్ అంటారు, దానికి ఆ ఇంకు పనికిరాదు. మామూలు డై ఇంకు కాగితంలోకి ఇంకి చకచకా ఆరిపోతుంది, పౌడర్ అంటుకునే తడి మిగలదు. అందుకని నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకు గానీ, రంగులేని ఎంబాసింగ్ ఇంకు గానీ వాడతాం. స్టాంపు వేసిన వెంటనే దాని మీద ఎంబాసింగ్ పౌడర్ ధారాళంగా చల్లి, కార్డుని వాల్చి, వెనక నుంచి వేలితో తడతాం. తడి గీతల మీదున్న పౌడర్ నిలుస్తుంది, మిగతాది రాలిపోతుంది.

అయితే అంతా రాలదు. అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా, కాగితానికి చేతి జిడ్డు అంటినా, రాపిడికి పుట్టే స్టాటిక్ విద్యుత్తు ఉన్నా, ఇంకు లేని చోట కూడా రేణువులు అక్కడక్కడా పట్టుకుని కూర్చుంటాయి. స్టాంపు వేసేముందే కాగితమంతా యాంటీ స్టాటిక్ సంచితో (ఆ విద్యుత్తుని తగ్గించే పొడి నింపిన చిన్న సంచి) ఒకసారి అద్దుతాం. అయినా మిగిలినవాటిని సన్నని పొడి బ్రష్షుతో ఒక్కొక్కటే తీస్తాం. వేడి తగిలితే ఆ రేణువు కూడా కరిగి అక్కడే చుక్కలా ఉండిపోతుంది, ఇక గీకినా పోదు. తెల్ల కార్డు మీద అంతగా కనిపించకపోవచ్చు. ముదురు నీలం మీదో, నలుపు మీదో అయితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత బాగా వేడి గాలి వదిలే హీట్ గన్. దాన్ని ముందు పక్కకి పట్టుకుని కొన్ని సెకన్లు వేడెక్కనిచ్చి, అప్పుడు కార్డు వైపు తిప్పుతాం. పౌడర్ అంటే మెత్తగా నూరిన ప్లాస్టిక్ లాంటి రెజిన్. పొడిపొడిగా, మెరుపు లేకుండా ఉన్న గీత ఉన్నట్టుండి ఒక మూల తడిసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు గీత వెంబడి పాకుతూ పోతుంది. గన్ దాని వెనకే కదలాలి, ముందుకి పోకూడదు, ఒకచోట ఆగిపోకూడదు. వేడి చాలకపోతే గీత పైభాగం నారింజ తొక్కలా గరుకుగా మిగులుతుంది. ఎక్కువైతే పౌడర్ కాగితంలోకి ఇంకి, మెరుపు పోయి, చుట్టూ జిడ్డుగా కనిపిస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉండేది చాలా కొద్ది సమయం. ఎన్ని కార్డులు చేసినా ఆ క్షణంలో చూపు పక్కకి తిప్పలేం. ఈ పనంటే నాకు ఇంత ఇష్టం ఉండడానికి కారణం కూడా ఆ క్షణమే. (ఇంట్లో ప్రయత్నిస్తున్నవాళ్లు హెయిర్ డ్రయ్యర్ సరిపోతుందా అని అడుగుతుంటారు. సరిపోదు. దాని వేడి చాలదు, పైగా ఆ గాలికి పౌడరంతా ఎగిరిపోతుంది.)

ఇప్పుడు ధర ఎందుకు పెరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. పౌడర్ దండగయ్యేది చాలా తక్కువ, రాలినదంతా మళ్లీ డబ్బాలోకే పోస్తాం. ఖర్చంతా చేతి పనిలోనే ఉంది.

పనిని యంత్రానికి ఇవ్వచ్చు కదా అని కొందరు అడిగారు. ఇవ్వచ్చు. తడి ఇంకు మీద పౌడర్ చల్లి, వేడి చేసి అక్షరాలు ఉబ్బెత్తుగా వచ్చేలా చేసే అచ్చు పద్ధతి ఉంది, దాన్ని థర్మోగ్రఫీ అంటారు. విజిటింగ్ కార్డుల మీద మీరు చూసే ఉంటారు. అచ్చు కార్డంటే నాకు చిన్నచూపేమీ లేదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించాడు. అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా దాన్నే చెప్తారు. వాటిలో కూడా గీతలు అచ్చువే గానీ రంగులు చేత్తో వేసినవి. ఎవరి పద్ధతి వారిది. చేత్తో చేసిన కార్డు అని పేరు పెట్టి అమ్ముతున్నంత కాలం మేం చేత్తోనే చేస్తాం.

డిజైన్ల సంగతికొస్తే, వెల్లం కాగితం (అవతలిది మసకగా కనిపించే రకం) మీద చేసేవన్నీ తీసేశాం. వేడికి అది ముడుచుకుపోతుంది, ఎంత జాగ్రత్తగా చేసినా మాకు తృప్తి కలిగేలా రావడం లేదు. సన్నని గీతలున్న స్టాంపులకి ఇకనుంచి మెత్తటి సూపర్‌ఫైన్ పౌడరే వాడతాం. మామూలు పౌడర్ వేస్తే సన్నని గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కార్డు మీద పేరు కావాలంటే ఎంబాసింగ్ పెన్‌తో మేమే రాసి పౌడర్ వేస్తాం. ఏ రెండు కార్డుల్లోనూ ఆ రాత అచ్చం ఒకేలా ఉండదు, అది తెలిసే ఆర్డర్ ఇవ్వండి.

వేడి లేకుండా, డిజైన్ చెక్కిన ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి యంత్రంలో నొక్కి తీసే డ్రై ఎంబాసింగ్ కార్డులు ఉంటాయి. కానీ పోస్టులో పంపేవాటికి లోతైన డిజైన్లు వాడడం మానేశాం. దారిలో పడే ఒత్తిడికి ఆ ఉబ్బు అణిగిపోతుంది. చేతికి ఇచ్చే కార్డయితే నిరభ్యంతరంగా అడగండి. వాటికి మందపాటి కార్డ్‌స్టాక్ తీసుకుని, నొక్కేముందు నీళ్లు అతి పల్చగా స్ప్రే చేస్తాం. అలా చేస్తే మడతల దగ్గర కాగితం చిట్లదు, గీతలు లోతుగా దిగుతాయి. వెనక వైపు గుంటలు పడతాయి కాబట్టి లోపల రాసుకోవడానికి వేరే కాగితం అతికించి ఇస్తాం.

ముందే కొని దాచుకునేవాళ్లు కార్డులని ఎండకీ వేడికీ దూరంగా, మధ్యలో పల్చటి కాగితాలు పెట్టి ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బరువు పెట్టకండి.

రోజుకి మా ఇద్దరి చేతుల మీదుగా అయ్యే కార్డులు ఎన్నో మాకు తెలుసు. అంతకు మించి ఒప్పుకుంటే బ్రష్షుతో తీయాల్సిన రేణువులని వదిలేయాల్సి వస్తుంది. అలా చేయలేం. ఆర్డర్లు ఆపే ముందు అందరికీ మెసేజ్ పెడతాం. వాక్యాలూ పేర్లూ స్పెల్లింగ్ చూసుకుని ఆర్డర్‌తో పాటే పంపండి. పౌడర్ కరిగాక ఒక్క అక్షరం కూడా మార్చలేం.