కిట్టూకి, బేస్‌బాల్ పుస్తకాల విషయమై

చి॥ కిట్టూకి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వడిగిన బేస్‌బాల్ పుస్తకాల గురించి రాద్దామని కూర్చున్నాను, అంతకు మించి ఏం లేదు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు వస్తున్నాయి గానీ జవాబు రావడం లేదు, అందుకే ఉత్తరం.

మొన్న పనిరోజు మధ్యాహ్నం నువ్వు షికాగో బేస్‌బాల్ మైదానం రిగ్లీ ఫీల్డులో దిగిన ఫొటో బుజ్జి చూసిందట. బుజ్జి కాకినాడ అత్తకీ, అత్త మీ అమ్మకీ చెప్పారు. అందులో వింతేముంది, ఆ మైదానంలో పగటి ఆట పాత ఆచారం. 1988 ఆగస్టు దాకా అక్కడ ఫ్లడ్‌లైట్లే లేవు. ఇప్పటికీ చాలా ఆటలు మధ్యాహ్నం 1:20కే మొదలవుతాయి. ఆడేవాళ్ళ సంగతి సరే, చూసేవాళ్ళకి ఆ వేళ ఆఫీసు ఉండదా అని అత్త అడిగింది. నేను అడగలేదు.

ముందు ఒక జాగ్రత్త. ఈ పుస్తకాలు రాసేవాళ్ళు చదివేవాడికి ఆట వచ్చనుకునే రాస్తారు. '6-4-3 డబుల్ ప్లే' అనేసి ముందుకెళ్ళిపోతారు. అది స్కోరు కాదు, ఫీల్డర్ల నంబర్లు. పిచర్ (బంతి వేసేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక పట్టుకునేవాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, ఎడమ నుంచి కుడికి ఔట్‌ఫీల్డర్లు 7, 8, 9. అంటే బంతి షార్ట్‌స్టాప్ చేతినుంచి సెకండ్‌కి, అక్కడినుంచి ఫస్ట్‌కి వెళ్ళి ఇద్దరు ఔటయ్యారన్నమాట. పుస్తకం తెరిచే ముందు రెండు ఆటలకి స్కోర్‌కార్డు నీ చేత్తో నింపు. స్ట్రైకౌట్‌కి, అంటే బంతులు కొట్టలేక బ్యాటర్ ఔటైతే కె, బ్యాటు ఊపకుండా నిలబడి ఔటైతే కె తిరగేసి రాయాలి. పెన్సిల్‌తోనే రాయి. హిట్ (బ్యాటర్ బంతి కొట్టి బేస్ చేరడం) అని ప్రకటించినదాన్ని అధికారిక స్కోరర్ తర్వాత ఎర్రర్‌గా, అంటే ఫీల్డర్ తప్పుగా మారుస్తుంటాడు, పెన్నుతో రాస్తే కాగితమంతా కొట్టివేతలే.

షికాగోలో ఉన్నావు కనక 'ఎయిట్ మెన్ ఔట్'తో మొదలుపెట్టు. ఎలియట్ ఆసినాఫ్ రాసింది, 1963. మీ ఊరి వైట్ సాక్స్ వాళ్ళు 1919 వరల్డ్ సిరీస్‌ని, అంటే ఆ ఏటి ఛాంపియన్‌షిప్‌ని జూదగాళ్ళకి అమ్ముకున్న కథ. తొమ్మిదింటిలో ఐదు గెలవాల్సిన ఆ సిరీస్‌ని సిన్సినాటి 5-3తో గెలిచింది. 1921లో జ్యూరీ నిర్దోషులంది, మర్నాడే బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ఎనిమిదిమందినీ జీవితాంతం నిషేధించాడు. వాళ్ళలో జో జాక్సన్ ఆ సిరీస్‌లో .375 యావరేజ్‌తో కొట్టాడు, అంత బాగా ఆడినవాడు అమ్ముడుపోయాడా అన్న వాదన నేటికీ తెగలేదు. 2025 మేలో చనిపోయినవాళ్ళ మీద నిషేధం ఎత్తేశారు, జాక్సన్ మీదా పోయింది. పుస్తకం ఆపకుండా చదివిస్తుంది గానీ అంతా నమ్మేయకు. ఫుట్‌నోట్లు లేవు. ఆ జట్టు పిచర్ లెఫ్టీ విలియమ్స్‌ని బెదిరించిన 'హ్యారీ ఎఫ్' అనే రౌడీ కల్పన అని, ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి పెట్టానని ఆసినాఫే తర్వాత చెప్పాడు. పిసినారి యజమాని వల్లే ఆటగాళ్ళు చెడిపోయారంటాడు, తీరా చూస్తే అప్పట్లో ఎక్కువ జీతాలిచ్చిన జట్లలో అదొకటి. అత్త చెప్పే కబుర్లలాగే, ఎవరు చూశారో కనుక్కుని నమ్మాలి.

రెండోది 'మనీబాల్', మైకేల్ లూయిస్, 2003. 2002లో దాదాపు 4 కోట్ల డాలర్ల జీతాల ఓక్లండ్ జట్టు, 12 కోట్లు దాటిన యాంకీస్‌తో సమానంగా 103 ఆటలు గెలిచిన వైనం. కీలకమంతా ఒక లెక్కలో ఉంది, అది పట్టుకో. వంద సార్లు బ్యాటింగ్‌కి దిగిన ఇద్దరున్నారనుకో. ఒకడికి 26 హిట్లు, 5 వాక్‌లు (పిచర్ నాలుగు చెడ్డ బంతులేస్తే ఊరికే ఫస్ట్ బేస్ దక్కడం). ఇంకొకడికి 22 హిట్లు, 15 వాక్‌లు. యావరేజ్‌లో వాక్‌లు లెక్కకి రావు కనక 26ని 95తో భాగిస్తే మొదటివాడు .274, 22ని 85తో భాగిస్తే రెండోవాడు .259. బేస్ చేరడమే లెక్కేస్తే మొదటివాడు .310, రెండోవాడు .370. ఒక ఆటలో జట్టు చేతిలో ఉండేవి 27 ఔట్లే, వాటిని ఖర్చు చేయనివాడే విలువైనవాడు. ఈ పుస్తకానికీ ఒక లోపం ఉంది. ఆ ఏడు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు జిటోది, ఉత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ తెహాదాది, ఇద్దరూ ఆ జట్టువాళ్ళే. వాళ్ళకిచ్చిన పేజీలు తక్కువ. చౌకగా దొరికినవాళ్ళే గెలిపించారనుకుంటే పొరపాటు.

అందులో మైక్ మాగ్నాంటే అనే పిచర్ వస్తాడు. కొత్తవాడికి చోటు కావాలని ఇతన్ని తీసేశారు, పదేళ్ళ సర్వీసు నిండి పూర్తి పెన్షన్ రావడానికి కొద్ది రోజులే ఉందనగా! ఆ భాగం నిదానంగా చదువు. కంపెనీలన్నీ అంతే, మనిషి తప్పేం ఉండదు. అలా జరిగితే దాచుకోవాల్సిన పని కూడా లేదు. హెచ్1బీ వాళ్ళకి ఉద్యోగం ఆగాక 60 రోజుల దాకా గడువుంటుందని, ఆ లోపే కొత్త కంపెనీవాళ్ళు పిటిషన్ వేయాలని పై ఫ్లోరు వాళ్ళబ్బాయి చెబుతున్నాడు. మాటవరసకి రాస్తున్నాను.

లెక్కల పిచ్చి పడితే బేస్‌బాల్ గణాంకాల మీద రాసిన బిల్ జేమ్స్ దగ్గరకి వెళ్ళు. క్యాన్సస్‌లో చిక్కుడు గింజల డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ 1977లో తన మొదటి 'అబ్‌స్ట్రాక్ట్' తానే అచ్చేసుకున్నాడు. కొన్నవాళ్ళు 75 మంది. తర్వాత బోస్టన్ జట్టే పిలిచి ఉద్యోగమిచ్చింది. నువ్వు చూడాల్సింది ఇంకోటుంది, ఆ మొదటి పుస్తకం వేసేటప్పుడు కాపలా ఉద్యోగం మానలేదు. ఇష్టం వేరు, జీతం వేరు. సరే, ఉపన్యాసం ఆపుతున్నాను.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది 'ది గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్'. 1966లో వచ్చింది. లారెన్స్ రిట్టర్ ఎకనామిక్స్ ప్రొఫెసరు. పాతకాలపు ఆటగాళ్ళు పోకముందే వాళ్ళ మాటలు పట్టుకోవాలని టేప్ రికార్డరు వేసుకుని 75,000 మైళ్ళు తిరిగాడు. వాళ్ళలో శామ్ క్రాఫర్డ్ ఒకడు, 309 ట్రిపుల్స్ (ఒక్క దెబ్బకి థర్డ్ బేస్ దాకా చేరే హిట్లు) కొట్టినవాడు, ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. లాస్ ఏంజెలిస్‌కి ఉత్తరాన 175 నుంచి 225 మైళ్ళ మధ్య ఎక్కడో అన్నది ఒక్కటే ఆనవాలు. రిట్టర్ వెతుక్కుంటూ పోయి ఒక చిన్న ఊళ్ళో ఆగాడు. కనిపించినవాళ్ళందర్నీ అడిగినా లాభం లేకపోయింది. చివరికి బట్టలు మాసిపోయి లాండ్రోమాట్‌కి వెళ్ళి, మిషన్ తిరుగుతుంటే పక్కన కూర్చున్న ముసలాయనతో మాట కలిపి, శామ్ క్రాఫర్డ్‌ని ఎరుగుదురా అన్నాడు. ఎరక్కపోవడమేంటి, నేనే కదా అన్నాడాయన. ఆ మనిషి అజ్ఞాతంలో ఉన్నాడంటే అర్థముంది. నీ దగ్గర రెండు ఫోన్లున్నాయి.

ఈ పుస్తకాన్ని వరసగా చదవక్కర్లేదు, రాత్రికో మనిషి చాలు. అన్నం తినేటప్పుడు మాత్రం చదవకు.

దేన్నీ కొనకు. షికాగో పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకో, 2019 నుంచి అక్కడ ఆలస్య రుసుం కూడా లేదు. స్టేట్ స్ట్రీట్‌లో ఉన్నది పెద్ద శాఖ. వెళ్ళేటప్పుడు మఫ్లర్ కట్టుకో, సరస్సు గాలి చెవులకి మంచిది కాదు. అమ్మ కందిపొడి, గోంగూర పచ్చడి కట్టింది. సుజాత వాళ్ళు వచ్చే వారం బయల్దేరుతున్నారు, వాళ్ళ చేత పంపిస్తాం. అడ్రసు పాతదేనా, మారిందా? అది ఒక్కటీ ఈ రాత్రికే పెట్టు.

నాన్న