డబ్బా కొనే ముందు కంచం చూసుకో

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావు? ప్రోటీన్ పౌడర్ డబ్బా కొననా అని నిన్న నువ్వడిగినదానికి ఫోన్లోనే చెప్పేసేవాణ్ణి. కానీ ఫోన్లో ఏం చెప్పినా "ఊఁ, ఊఁ" అంటావు, పెట్టేశాక నీకు తోచిందే చేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా, మధ్యలో వదిలేయకుండా చదువు.

ముందు మీ జిమ్ కోచ్ సంగతి. 2 కేజీల డబ్బా తన దగ్గరే తీసుకోమన్నాడన్నావు చూడు, నాకక్కడే అనుమానం కొట్టింది. చెడ్డవాడనడం లేదు, ఆ డబ్బా మీద అతనికీ ఎంతో కొంత మిగులుతుంది కదా. అసలు నువ్వు రోజూ ఏం తింటున్నావని అడిగాడా? అడిగుండడు.

పోనీ నేను కట్టా లెక్క. పొద్దున నాలుగిడ్లీ, ఇడ్లీకి 2 గ్రాముల చొప్పున 8 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నమో చపాతీయో, రెండు పూటలా కలిపి ఓ 20, 22. పెరుగూ, టీలో పాలూ కలిపితే 10. ఇక మిగిలింది పప్పు. "మేం రోజూ పప్పు తింటాం, మాకేం తక్కువ" అని మనవాళ్ళంతా ధీమాగా ఉంటారే, అక్కడే ఉంది తిరకాసు. కందిపప్పులో 100 గ్రాములకి 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉన్నమాట నిజమే, కానీ అది పచ్చిపప్పు లెక్క. మీ హాస్టల్ పప్పుచారులో గరిటెతో అడుగునుంచి కలిపితే గానీ పప్పు పైకి రాదు. నీ వాటాకి 20 గ్రాముల పప్పు పడితే గొప్ప, అంటే నాలుగు గ్రాముల ప్రోటీన్. మునక్కాడ ముక్కలు రెండెక్కువ పడ్డా ఈ లెక్క మారదు.

ఎంత లాగినా మొత్తం 45 దాటదు. నీ బరువేమో 68 కేజీలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కేజీ బరువుకి 0.83 గ్రాములన్నారు, ఆ లెక్కన మామూలు మనిషికే 56 కావాలి. నువ్వు బరువులెత్తుతున్నావు గనక కేజీకి 1.2 నుంచి 1.6 దాకా వేసుకోవచ్చు. కాస్త తక్కువ వైపే 85 అనుకుందాం. అంటే రోజుకి 40 గ్రాముల లోటు. లోటుందన్న మాటలో మీ కోచ్‌తో నాకు పేచీ లేదు. దాన్ని డబ్బాతోనే పూడ్చాలంటేనే ఒప్పుకోను.

మూడు ఉడికించిన గుడ్లు తిను, 18 గ్రాములు. పచ్చసొన పారేయకు, గుడ్డులో ఉన్న ప్రోటీన్లో సగానికి కాస్త తక్కువ దాంట్లోనే ఉంది. రాత్రి పడుకునే ముందు 50 గ్రాముల పెసలు నానేసుకుంటే పొద్దునకి 12. గుప్పెడు వేయించిన పల్లీలు, 7. ఇంతటితోనే లోటు దాదాపు పూడింది, ఇంకా చికెన్ జోలికే పోలేదు. వారానికి రెండు మూడుసార్లు చికెన్ తెచ్చుకున్నావనుకో, ఆ రోజు పెసలు మానేసినా ఫరవాలేదు.

అసలు చవకలో చవక మీల్ మేకర్. 50 గ్రాములకి 26 గ్రాముల ప్రోటీన్, అంటే ఒక స్కూపు పౌడర్‌కి సరిసమానం, ఖర్చు చూస్తే టీ డబ్బులే. వాసనని నువ్వు ముక్కు మూసుకుంటావని తెలుసు. మరిగే ఉప్పునీళ్ళలో పది నిమిషాలుంచి గట్టిగా పిండు, చన్నీళ్ళలో వేసి మళ్ళీ పిండు. నురగ పోయేదాకా ఇలా రెండు మూడుసార్లు చేస్తే ఆ వాసన పోతుంది. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి కీమాలా వేయించుకో. మా ఇంట్లో చుట్టాలకి పెడితే మటన్ కీమానే అనుకుని తినేశారు.

నేను పౌడర్‌కి శత్రువునేం కాదు. వే ప్రోటీన్ అంటే ఏంటి, పాలు విరగ్గొట్టి జున్నుగడ్డ తీశాక మిగిలే తేట నీళ్ళని వడగట్టి ఎండబెట్టిన పొడి, అంతే. మంచి ప్రోటీనే, త్వరగా అరుగుతుంది కూడా. పాలు పడనివాళ్ళకి మామూలు రకం కడుపుబ్బరం తెస్తుంది, వాళ్ళకి ఐసోలేట్, అంటే పాలలోని చక్కెరని దాదాపు తీసేసిన రకం, కాస్త నయం. నా గొడవంతా డబ్బాలో నిజంగా ఏముందన్నదే. ల్యాబుల్లో మామూలుగా చేసేది నత్రజని కొలిచి, దాన్ని 6.25తో గుణించి ఇంత ప్రోటీన్ అని చెప్పడం. ఇది తెలిసిన మోసగాళ్ళు నత్రజని ఉండే గ్లైసిన్ లాంటి చవక అమైనో ఆమ్లం కలిపేస్తారు. కాగితం మీద 24 గ్రాములు కనబడతాయి, నీ కండకి చేరేది అంత ఉండదు. 2008లో చైనాలో పాలలో మెలమైన్ కలిపింది కూడా ఈ కిటుకుతోనే, పసిపిల్లల ప్రాణాలు పోయాయి.

ఇంకోటి, మీ కోచ్ చూపించింది మాస్ గెయినర్, అంటే బరువు పెంచే పొడి, అయితే అసలు ముట్టుకోకు. వెనక్కి తిప్పి చదివితే ముప్పాతిక వంతు మాల్టోడెక్స్‌ట్రిన్ పిండే ఉంటుంది. ఆ పిండి కోసం వేలు పోయాలా? హాస్టల్లో ఇంకో ముద్ద అన్నం తింటే పోలా!

ఆ పోషకాహార సంస్థ వాళ్ళే 2024లో కొత్త మార్గదర్శకాలిచ్చారు. కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దు, తిండిని సరిగ్గా కలిపి తినండి అన్నారు. నాకైతే కాస్త కఠినంగానే తోచింది. నైట్ షిఫ్ట్ చేసి, హాస్టల్లో గిన్నెలు కడిగేశాక వచ్చేవాడు ఏం కలిపి తింటాడు? అలాంటి రోజుల కోసం చిన్న ప్యాకెట్ ఒకటి దగ్గరుంచుకుంటే నేనేం అనను. సీలు, ఫుడ్ లైసెన్స్ నంబరు చూసి, కంపెనీ సొంత సైట్లోంచే తెప్పించుకో. క్రెడిట్ కార్డు మీద 2 కేజీలు మాత్రం వద్దు.

అన్నట్టు నీకంటే నాకు మీ అమ్మ గురించే బెంగ. అత్తయ్య గుడ్డు కూడా తినదు, రాత్రిపూట మజ్జిగన్నంతో సరిపెడుతుందని మొన్న మా అమ్మ చెప్పింది. ఆ వయసులో కండ తరిగితేనే మోకాళ్ళు సహకరించవు, లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తుంది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, పాలో పనీరో పెట్టమని చెల్లికి చెప్పు. పళ్ళనొప్పితో నమల్లేకపోతే డాక్టర్ని అడిగి ఆవిడకే పౌడర్ కొను. ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించు, బీపీ మాత్రలు వేసుకుంటోంది కదా, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియాలి.

డబ్బా లేబుల్ ఫోటో పంపు, చూసి చెబుతా. కోచ్ మొహమాటపెడితే "మా వాడు వద్దన్నాడు" అని తోసెయ్, తిట్లు నేను పడతా.

నీ
శీను