మా సపోర్ట్ టికెట్‌ను మీ అంతట మీరే మూసేసిన విషయంపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగాధిపతి గారికి,

అయ్యా,

రుషికొండ ఐటీ హిల్స్‌లో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అద్దాలు పగిలి మా సర్వర్ గదంతా తడిసిపోయింది. ఆ దెబ్బకే సర్వర్ల సెక్యూరిటీ సొంతంగా నడుపుకోవడం మానేసి క్లౌడ్‌ని నమ్ముకుని మీ దగ్గరికొచ్చాం. "ఇరవై నాలుగ్గంటలూ మావాళ్లు కళ్లల్లో ఒత్తులేసుకుని చూస్తుంటారు సార్" అన్నాడు మీ సేల్స్ అబ్బాయి.

మొన్న రాత్రి మేం రాసిన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే మా బిల్డ్ సర్వర్‌లోకి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు లాగిన్ అయ్యారు. ఎవరెప్పుడొచ్చి ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లు చూద్దామంటే మీ డ్యాష్‌బోర్డ్ తెరుచుకోలేదు. చాట్‌లో మొదట బాట్ పలికింది. మా బాధ తనకు అర్థమైందని చెప్పి పాస్‌వర్డ్ మార్చుకునే లింక్ పంపింది. తర్వాతొచ్చినాయన బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నాడు. చేశాం. ఈలోగా ఆయన షిఫ్ట్ అయిపోయింది. కొత్తాయన కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పించుకుని, క్యాష్ క్లియర్ చేశారా అనడిగాడు! పైవాళ్లకి పంపాం అన్నారు. ఆ పైవాళ్లావిడ, ఇది బిల్లింగ్ వాళ్లు చూడాలంది. వాళ్లు మాత్రం మొదటి రింగ్‌కే ఎత్తారు లెండి, రెన్యువల్ ఎప్పుడు కడతారంటూ. తెల్లారేసరికి "మీ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేయబడినది" అని మెయిల్, కింద మా సేవలు ఎలా ఉన్నాయంటూ ఐదు చుక్కలు.

ఇలాంటి చొరబాటు కంటబడిన 6 గంటల్లోగా తమకు తెలియజేయాలని, 180 రోజుల లాగ్‌లు దాచి ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశాలిచ్చింది. లాగ్‌లన్నీ మీ గుప్పిట్లో పెట్టుకుంటే మేం వాళ్లకేం రాయాలి? క్యాష్ క్లియర్ చేశామనా?

2024 జులైలో మీలాంటి సెక్యూరిటీ కంపెనీయే అయిన క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయినప్పుడు, ఇలా బయటివాళ్ల చేతుల్లో పెట్టడం అవసరమా అని మా క్లయింట్లు నిలదీశారు. మీ తరఫున వకాల్తా పుచ్చుకుని వాళ్లకి నచ్చజెప్పింది మేమే. దానికి దక్కిన మర్యాద ఇదీ.

మా సిస్టమ్ అడ్మిన్ ఇప్పటికే పక్క గదిలో వాజూ అనే ఉచిత సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తున్నాడు. అలర్ట్‌లు మరీ ఎక్కువొస్తున్నాయి, వాటిని జల్లెడ పట్టడానికి ఇంకో మనిషి కావాలి, నిజమే. కానీ ఆ మనిషిని పేరు పెట్టి పిలవొచ్చు. మా లాగ్‌లు మొత్తం ఇప్పించి, బాధ్యతగల మనిషి చేత ఫోన్ చేయించండి. లేదంటే రెన్యువల్ సంగతి మర్చిపోండి, తర్వాత మా లాయరు మాట్లాడతారు. మీ చాట్ స్క్రీన్‌షాట్లన్నీ ఈ కొండ మీదున్న టీమ్‌ల వాట్సాప్ గ్రూపులో పెడతాం, చుక్కలు వాళ్లే వేస్తారు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విశాఖపట్నం