మంత్రిగారూ, మా రాట్నానికి మోటారు వద్దు, గంటకూలి కావాలి

గౌరవనీయులైన రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఖాదీకి పేరున్న శ్రీకాకుళం జిల్లా పొందూరు. నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాను. యంత్రాలంటే పడని మనిషిని కాను, వాటి మీదే తింటున్నాను. అయినా సంక్రాంతికి ఇంటికెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఈ పాత రాట్నాలతో ఎన్నాళ్లు? టెక్నాలజీ రావాలి, మోటారు బిగించాలి, ఉత్పత్తి పెరగాలి" అంటుంటే ఒళ్లు మండుతుంది.

మా అమ్మ మొదట పత్తిని వాలుగ చేప దవడతో దువ్వేది. ఆ సన్నటి పళ్ల మధ్య దూది పీచు పీచుగా విడిపోయి, నలక లేకుండా తేలేది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చునేది. చిన్నప్పుడు నేను చక్రం గట్టిగా తిప్పేస్తే, "బేగి తిప్పితే నూలొస్తాదేటిరా, తెగిపోద్ది" అని చెయ్యి పట్టుకునేది.

అలా తీసేది 100 కౌంటు నూలు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం. పాత లెక్కలో ఒక పౌండు బరువు నూలు పొడవు 84 వేల గజాలు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. మోటారుతో ఇంకా బేగి తీయొచ్చు, కాదనను. కానీ మిల్లు నూలు ఎక్కడైనా దొరుకుతుంది, దానికోసం పొందూరు దాకా ఎవరొస్తారు? పైగా 1956 నాటి ఖాదీ కమిషన్ చట్టం ప్రకారం చేత్తో వడికిన నూలును చేతిమగ్గం మీద నేస్తేనే ఖాదీ. మోటారు బిగించిన రోజున మేం అమ్మే సరుకే ఉండదు.

ఈ కాలం పిల్లలకు ఓపిక లేదన్న మాట కూడా వింటుంటాను. ఓపిక కాదండీ, లెక్క. అమ్మకు చిలపకు, అంటే వడికిన నూలు చుట్టకు, ఇంత అని కూలి. దువ్వినందుకూ ఏకినందుకూ విడిగా పైసా లేదు. ఉపాధి పనికెళ్లి చెరువులో మట్టి మోస్తే అంతకన్నా ఎక్కువొచ్చేది. చివరికి అటే పోయింది. నన్ను నాన్న ఇంజినీరింగులో వేశాడు.

ఇప్పుడు నా పనిని గంటల్లో లెక్కగట్టి విదేశాల్లో ఉన్న క్లయింటుకు బిల్లు వేస్తారు. మీటింగులో ఊరికే కూర్చున్న గంటకూ బిల్లే! ఆధునికత అంటే నాకు తెలిసింది ఇదే. దీన్ని మా ఊరికి కూడా తెప్పించండి. దువ్విన గంటకూ, ఏకిన గంటకూ, తెగిన దారం అతికిన గంటకూ కూలి కట్టించండి. ఖాదీ కేంద్ర ప్రభుత్వ పరిధిలోది అంటారేమో. కూలి మీద రాష్ట్రం కొంత కలిపితే అడ్డుపడేదెవరు?

ఒకసారి పొందూరు రండి. వచ్చేటప్పుడు కెమెరాలు వద్దు, ఒక గడియారం తెచ్చుకోండి. గింజపత్తి నుంచి చిలప దాకా ఎన్ని గంటలో మా అమ్మ పక్కన కూర్చుని లెక్క తీద్దాం.

ఇట్లు,
పొందూరులో నూలు వడికిన అమ్మ కొడుకు